సాకెట్టు మారితే ర్యామూ మారాలా?

దర్శి నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. ఆయనకు అక్కడ చిన్న దుకాణం వుంది. అడంగల్ నకళ్ళు, ఆధారు కార్డుల అచ్చులు, పరీక్షల దరఖాస్తులు, హాల్ టిక్కెట్లు, శుభలేఖలు, ఇదీ వ్యాపారం. 2017లో కొన్న కంప్యూటరు ఒక్కటే ఆయన పెట్టుబడి, గుమాస్తా కూడాను. అందులో ఇంటెల్ వారి 7వ తరం ఐ5 ప్రాసెసర్ వుంది. నిరుడు మరో 8 జీబీ ర్యామ్ కొని తగిలిస్తే మొత్తం 16 జీబీ అయింది. ఇంతలో విండోస్ 10కి కాలం చెల్లింది. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్టు వారు దానికి మామూలు మద్దతు ఆపేశారు. విండోస్ 11 చూడబోతే, కొద్ది మినహాయింపులు తప్ప, ఇంటెల్ 8వ తరం మొదలు పైవాటినే తప్ప కిందివాటిని గడప తొక్కనివ్వదు.

ప్రాసెసర్ ఒక్కటి మార్చుకుందామని ఆయన ఒంగోలు వెళ్ళారట. ప్రాసెసర్ మారితే బోర్డు మారాలన్నారట. సరేనన్నారు. బోర్డు మారితే ర్యామ్ కూడా మారాలన్నారట. గొడ్డలికి కామ వేయించబోతే గొడ్డలి కూడా కొత్తది కొనమన్నట్టుంది! ఏడాది తిరక్కుండా ఆ ర్యామ్‌ను పక్కన పడెయ్యాలా, ఇది కంపెనీవాళ్ళు పన్నిన ఎత్తు కాదా అని ఆయన ప్రశ్న. రైతులకు మిరప డబ్బు చేతికొచ్చి, దుకాణంలో బాకీలు తీరిస్తేగాని ఆయన చేతిలో పైకం ఆడదు. ఇప్పుడు తప్పు సరుకు కొంటే మళ్ళీ పంటదాకా దిద్దుకునే వీల్లేదు. అంచేత ప్రశ్న చిన్నదేమీ కాదు.

జవాబు ఒక్క ముక్కలో చెప్పాలంటే, సగం ఎత్తు, సగం నిజమైన అవసరం. ఏ సగం ఏదో తెలిస్తే డబ్బు మిగులుతుంది.

ముందు సాకెట్టు సంగతి. మదర్ బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే పీటే సాకెట్టు. దానిలో వందలకొద్దీ సన్నని ములుకులో, ములుకులు దిగే కన్నాలో వుంటాయి. ఇంటెల్ వారు సాకెట్టుకు పెట్టే 1151, 1200, 1700 అనే పేర్లు ఆ ములుకుల లెక్కే. ఇన్నెందుకంటారా? చాలా భాగం కరెంటు రాకపోకలకు, కొన్ని తెరకూ డిస్కుకూ పోయేవి, మరికొన్ని ర్యామ్‌తో మాట్లాడేవి. ఒక్కొక్క మెమొరీ దారికి సమాచారం మోసే తీగలే 64. వాటికి చిరునామాల తీగలు, ఆజ్ఞల తీగలు అదనం. మామూలు కంప్యూటర్లలో అలాంటి దారులు రెండుంటాయి. కనక పీటకూ ర్యామ్‌కూ ఏ చుట్టరికమూ లేదనుకోవడం పొరపాటు.

ఇక చుట్టరికం ఎట్లా కలిసిందో చెబుతాను. దర్శివారికి కాలువ సంగతి నేను చెప్పాలా! నాగార్జునసాగరు కాలువలకు 1967లో నీళ్ళు వదిలారు. కుడికాలువ కొమ్మల్లో దర్శి బ్రాంచి ఒకటి. కాలువలో నీళ్ళు ఎన్ని వున్నా, తూము దగ్గర లస్కరు తలుపెత్తితేగాని చేలోకి చుక్క రాదు. ర్యామ్‌ను కాలువ అనుకోండి, ప్రాసెసర్‌ను చేననుకోండి. మధ్య లస్కరు చేసే పనికి మెమొరీ కంట్రోలర్ అని పేరు. ఏ గదిలోని అంకె ఎప్పుడు తియ్యాలి, ఎక్కడ పెట్టాలి, ఎంత వేగంతో పంపాలి, అన్నీ దాని చేతిలో పనులే. ఈ లస్కరుకు తాను నేర్చిన తరం ర్యామ్ భాషే వస్తుంది. డీడీఆర్ 2 మటుకే నేర్చినవాడి ముందు డీడీఆర్ 3 పెడితే తెల్లమొహం వేస్తాడు.

ఈ లస్కరు కాపురం ఎక్కడన్నదే కథంతా. వెనక అతను ప్రాసెసర్‌లో వుండేవాడు కాదు. బోర్డు మీద విడిగా నార్త్ బ్రిడ్జి అనే చిప్పులో వుండేవాడు. అందువల్ల ఒక సుఖం వుండేది. ఇంటెల్ వారు 2004లో 775 ములుకుల సాకెట్టు తెచ్చారు. ఆ పీట వున్న బోర్డుల్లో మొదట డీడీఆర్, తరవాత డీడీఆర్ 2, ఆఖరికి డీడీఆర్ 3, మూడు తరాల ర్యామ్‌లు నడిచాయి. పీట అదే. మారిందల్లా బోర్డు మీది లస్కరు.

సుఖంతోపాటు ఒక కష్టమూ వుంది. ప్రాసెసర్‌కు ఒక్క అంకె కావాలన్నా కబురు ముందు నార్త్ బ్రిడ్జికి పోవాలి, అక్కణ్ణించి ర్యామ్‌కు పోవాలి, జవాబు అదే దారిన తిరిగిరావాలి. ప్రాసెసర్ వేగం పెరిగినకొద్దీ ఈ ఎదురుచూపు భరించరానిదయింది. 2003లో ఏఎమ్‌డీ కంపెనీ ఆథ్లాన్ 64తో లస్కరును తెచ్చి ప్రాసెసర్ ఇంట్లోనే కాపురం పెట్టించింది. 2008 నవంబరులో కోర్ ఐ7తో ఇంటెల్ కూడా ఆ దారే పట్టింది. ఆ ఐ7 సాకెట్టులో ములుకులు 1366. 775 ఎక్కడ, 1366 ఎక్కడ! ర్యామ్ తీగలన్నీ సరాసరి ప్రాసెసర్ గుమ్మంలోకి రావడమే ఈ పెరుగుదలకు ఒక ముఖ్య కారణం. పైగా ఆ మొదటి ఐ7కి మెమొరీ దారులు మూడు.

లస్కరు ఇంట్లోకొచ్చాక పాత సుఖం పోయింది. ర్యామ్ తరం మారిందంటే లస్కరు మారాలి. లస్కరు మారాలంటే ప్రాసెసరే మారాలి. కొత్త ర్యామ్ తీగల అమరిక వేరు కనక ములుకుల అమరికా మారాలి. అంటే సాకెట్టు మారాలి. ఇదీ గొలుసు.

దీనికి మంచి తార్కాణం ఏఎమ్‌డీ వారి చరిత్రలో వుంది. వారి 939 ములుకుల సాకెట్టు డీడీఆర్ ర్యామ్‌కు. 2006లో డీడీఆర్ 2 కోసం ఏఎమ్2 అనే సాకెట్టు తెచ్చారు. దానికి 940 ములుకులు. ఒక్క ములుకే గదా ఎక్కువ, ఎట్లాగో సర్దుదామంటే కుదరదు. ఇంకో చిత్రం కూడా వుంది. 2003లోనే వారిది 940 ములుకుల సాకెట్టు మరొకటి వుండేది. లెక్క సరిగ్గా అదే అయినా ఏఎమ్2 ప్రాసెసర్ అందులో పనికిరాదు. లెక్క ఒకటైనా ఏ ములుకు దేనికన్నది వేరు. కనక అంకె చూసి సరుకు కొనకండి.

2009లో ఏఎమ్3 వచ్చినప్పుడు మటుకు వారు ముచ్చటైన పని చేశారు. ఆ ప్రాసెసర్లలోని లస్కరుకు డీడీఆర్ 2, డీడీఆర్ 3 రెండు భాషలూ నేర్పారు. అంచేత కొత్త ప్రాసెసర్ పాత ఏఎమ్2 ప్లస్ బోర్డులో కూర్చునేది, పాత ర్యామ్‌తోనే పని చేసేది. పాత ప్రాసెసర్‌కు ఒక్క భాషే వచ్చు కనక కొత్త ఏఎమ్3 బోర్డులోకి దాన్ని రానివ్వలేదు. అసలు లోపల కూర్చోకుండా ములుకులే అడ్డం పడతాయి. ఇక్కడ సాకెట్టు మార్చడం దౌర్జన్యం కాదు. తప్పు జత కలిపి సరుకు పాడుచేసుకోకుండా పెట్టిన కాపలా.

మరి ర్యామ్ తరాలు ఎందుకు మారాలంటారా? గుంటూరు, దొనకొండ, మార్కాపురం మీదుగా పోయే రైలుదారి 1990ల దశాబ్దం దాకా మీటరు గేజి. పట్టాల మధ్య దూరం 1000 మిల్లీమీటర్లు. దాన్ని 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజి చేసినప్పుడు పాత పెట్టెలను కొత్త పట్టాల మీద నడపమని ఎవరూ అడగలేదు. ఎక్కువ సరుకు, ఎక్కువ వేగం కావాలంటే కొలతలే మారాలని అందరికీ తెలుసు.

ర్యామ్‌లోనూ అంతే. మొదటి డీడీఆర్ 2.5 వోల్టుల మీద నడిచేది. డీడీఆర్ 2 వచ్చేసరికి 1.8, డీడీఆర్ 3కి 1.5, డీడీఆర్ 4కు 1.2, డీడీఆర్ 5కు 1.1 అయింది. వోల్టేజీ తగ్గితే వేడి తగ్గుతుంది, వేగం పెంచుకోవచ్చు. డీడీఆర్ 4 ప్రమాణాన్ని 2012లోనూ, డీడీఆర్ 5 ప్రమాణాన్ని 2020లోనూ జెడెక్ అనే సంఘం ప్రకటించింది. మెమొరీ తయారుచేసే కంపెనీలన్నీ కూర్చుని కొలతలు ఒప్పుకునే సంఘమది. డీడీఆర్ 4 ర్యామ్‌కూ డీడీఆర్ 5 ర్యామ్‌కూ అంచున వుండే బంగారు పూత పలకలు 288 చొప్పునే. కాని మధ్యనుండే గాటు చోటు మార్చారు. ఒకదాని గూట్లో ఒకటి దిగదు. గట్టిగా నొక్కితే దిగుతుందనుకునేవారు దయచేసి నొక్కకండి, గూడు విరుగుతుంది. డీడీఆర్ 4కు కావలసిన వోల్టేజీని బోర్డు తయారుచేసి పంపేది. డీడీఆర్ 5లో ఆ పని చేసే చిన్న చిప్పు ర్యామ్ మీదికే ఎక్కింది. ఇన్ని తేడాలున్నాక పాతదీ కొత్తదీ ఒకే పంక్తిని ఎట్లా కూర్చుంటాయి?

ఇంతవరకు చెప్పింది అవసరమైన సగం. ఇక ఎత్తు సంగతి.

డీడీఆర్ 4 కాలం తీసుకోండి. ఇంటెల్ వారు మామూలు మేజా కంప్యూటర్లకు 2015లో 1151 సాకెట్టు తెచ్చారు. 2017 అక్టోబరులో 8వ తరం ప్రాసెసర్లు వచ్చాయి. ర్యామ్ అదే డీడీఆర్ 4, ములుకుల లెక్క అదే 1151, కాని పాత బోర్డులో పనిచెయ్యవన్నారు. ప్రాసెసర్‌లో కోర్లు పెరిగాయి, కరెంటు ఎక్కువ కావాలి, అందుకే అమరిక మార్చామన్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని పట్టుదల వున్న కొందరు ఔత్సాహికులు పాత బోర్డుల్లోనే వాటిని నడిపించి చూపారు. 2020లో 1200 సాకెట్టు వచ్చింది, ర్యామ్ మళ్ళీ అదే డీడీఆర్ 4. అది రెండు తరాలతో సరిపెట్టుకుని ఏడాదిన్నరకు మూలపడింది. 2021 నవంబరులో 1700 వచ్చింది. అంటే డీడీఆర్ 4 ఒక్కదాని హయాంలో నాలుగు సార్లు బోర్డు కొనిపించారన్నమాట.

అదే కాలంలో ఏఎమ్‌డీ ఏం చేసిందో చూడండి. 2016లో ఏఎమ్4 అనే సాకెట్టు పెట్టింది. 1331 ములుకులు, డీడీఆర్ 4 ర్యామ్. 2024లో కూడా ఆ పీటకు సరిపడే కొత్త ప్రాసెసర్లు విడుదల చేసింది. 2017 నాటి బోర్డుల్లో చాలావాటికి 2020 నాటి రైజెన్ 5000 ప్రాసెసర్లు సరిపోతాయి, బోర్డులోని బయాస్ అనే మూల ప్రోగ్రామును కొత్తది చేసుకుంటే చాలు. ఆ కంపెనీ కూడా ధర్మసత్రమేమీ కాదు. పాత బోర్డులకు ఆ వసతి 2022 దాకా ఇవ్వలేదు. వాడేవాళ్ళు గోల చేసి సాధించుకున్నారు. అయినా ఇచ్చింది గదా! డీడీఆర్ 5 రాగానే 2022లో ఏఎమ్‌డీ కూడా సాకెట్టు మార్చక తప్పలేదు. అదే 1718 ములుకుల ఏఎమ్5.

ఈ రెండు చరిత్రలూ పక్కపక్కన పెడితే ఒక సూత్రం కనిపిస్తుంది. లస్కరు ప్రాసెసర్ ఇంట్లో వున్నంతకాలం ర్యామ్ తరమే సాకెట్టుకు ఆయుర్దాయం. ర్యామ్ తరం మారినప్పుడు సాకెట్టు మారితే అది సహజ మరణం. ర్యామ్ మారకుండానే సాకెట్టు మారితే మటుకు, కారణం ఏమిటని కంపెనీని నిలదీసే హక్కు కొన్నవాడికి వుంది.

ఇప్పుడు దర్శి పాఠకుడి బేరానికి వద్దాం. ఆయన బోర్డు 1151 మొదటి రకం. 8వ తరం ప్రాసెసర్ సెకండ్ హ్యాండులో చవగ్గా దొరికినా, పేరులో 1151 వుందికదా అని కొంటే మోసపోతారు. అది ఆ బోర్డులో లేవదు. కనక బోర్డు మార్చక తప్పదు. అంతవరకు ఒంగోలు దుకాణంవారు చెప్పింది నిజమే.

ర్యామ్ మారాలన్నది మటుకు పూర్తి నిజం కాదు. ఇందాక చెప్పిన 1700 సాకెట్టుంది చూశారూ, అందులో కూర్చునే 12, 13, 14వ తరం ప్రాసెసర్ల లస్కరుకు డీడీఆర్ 4, డీడీఆర్ 5 రెండు భాషలూ వచ్చు. ఏ భాష మాట్లాడాలో బోర్డు తేలుస్తుంది. డీడీఆర్ 4 గూళ్ళున్న బోర్డు అడిగి తీసుకుంటే ఆయన 16 జీబీ ర్యామ్ భద్రంగా కొత్త ఇంట్లోకి వస్తుంది. దానికి 12వ తరం ఐ3 చాలు. విండోస్ 11 నడుస్తుంది, ఆయన పనికి అంతకు మించి అక్కరలేదు. ఒక్క జాగ్రత్త. ప్రాసెసర్ అంకె చివర ఎఫ్ అనే అక్షరం వుంటే దానిలో తెరకు బొమ్మ పంపే భాగం వుండదు, విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనాలి. ఆ ఎఫ్ రకం కాస్త చవగ్గా కనిపిస్తుంది, తీరా ఇంటికొచ్చాక తెర నల్లగా వుంటుంది.

డీడీఆర్ 5 లేకపోతే వెనకబడిపోతామా అని బెంగపడనక్కరలేదు. డీడీఆర్ 4 ర్యామ్ 3200 వేగంలో సెకనుకు 25.6 జీబీ పంపుతుంది. డీడీఆర్ 5 మొదటి మెట్టయిన 4800 వేగంలో 38.4 జీబీ పంపుతుంది. తేడా పెద్దదే. కాని అడిగాక మొదటి అంకె చేతికందడానికి పట్టే కాలం దాదాపు అంతే, తగ్గలేదు. తూము వెడల్పు పెరిగింది, లస్కరు నడిచి రావడానికి పట్టే సేపు తగ్గలేదు. సినిమాలు కూర్చేవారికి, పెద్ద పెద్ద లెక్కలు చేసేవారికి ఆ వెడల్పు వరం. అడంగల్ నకలు తీసేవాడికి అది తెలియనైనా తెలియదు. ఆయన కంప్యూటరు ఇంకా తిరుగుడు హార్డ్ డిస్కుతోనే నడుస్తుంటే, ర్యామ్ మీద పెట్టే డబ్బులో కొంత ఎస్ఎస్‌డీ మీద పెడితే కళ్ళకు కనపడేటంత మార్పు వస్తుంది.

పాత ర్యామ్‌ను నిలబెట్టుకోమనడానికి మరో కారణం కూడా వుంది. 2025 ఆఖరి నెలల్లో మెమొరీ ధరలు మిరప ధరకన్నా వేగంగా ఎక్కాయి. కృత్రిమ మేధ కేంద్రాలకు కావలసిన మెమొరీ తయారీవైపు కంపెనీలు మొగ్గాయి. హైదరాబాదులో పెద్ద కేంద్రం వున్న మైక్రాన్ కంపెనీ, క్రూషియల్ పేరుతో మనబోటివారికి అమ్మే ర్యామ్ వ్యాపారం మానుకుంటామని 2025 డిసెంబరులో ప్రకటించింది. ఇట్లాంటి రోజుల్లో చేతిలో వున్న 16 జీబీ చెత్త కాదు, సొత్తు.

అయితే ఎదుటి పక్షం కూడా చెప్పాలి. 1700 సాకెట్టుకు ముందు దారి లేదు. 2024 అక్టోబరులో ఇంటెల్ 1851 సాకెట్టు తెచ్చింది, అది డీడీఆర్ 5కు మటుకే. అంటే ఈరోజు డీడీఆర్ 4 బోర్డు కొన్నవారు ఆ బోర్డుతోనే దాని ఆయుష్షు వెళ్ళదీయాలి. నాలుగేళ్ళ తరవాత ప్రాసెసర్ ఒక్కటి మార్చి కొత్త జవసత్వాలు తెచ్చుకోవాలనుకునేవారు, చదువుకునే పిల్లల కోసం కొనేవారు, మొత్తం కొత్తగా మొదలుపెట్టేవారు ఏఎమ్5 వైపు చూడటం మంచిది. దానికి 2027 దాకా, ఆపైన కూడా మద్దతు వుంటుందని ఏఎమ్‌డీ 2024లో మాట ఇచ్చింది. కొత్త పీట మీద మొదట కూర్చున్నవాడికి ఎక్కువ కాలం భోజనం.

అట్లాగని కొత్తదల్లా మంచిదని ఎగబడటమూ ప్రమాదమే. 2000 నవంబరులో ఇంటెల్ పెంటియమ్ 4ను 423 సాకెట్టులో విడుదల చేసింది. దానికి ర్యామ్‌బస్ కంపెనీ వారి ఆర్‌డీర్యామ్ అనే కొత్త జాతి మెమొరీయే పెట్టాలన్నారు. అది నిప్పులాంటి ధర. ఎంత ధర అంటే, ప్రాసెసర్ పెట్టెలో ఇంటెలే ఆ మెమొరీ కూడా పెట్టి అమ్మవలసి వచ్చింది. జతలుజతలుగా కొనాలి, ఖాళీగా వున్న గూట్లో కూడా ఉత్త ముక్క ఒకటి తగిలించాలి. మరుసటి ఏడే 478 సాకెట్టు వచ్చింది, మామూలు మెమొరీతో నడిచే బోర్డులు వచ్చాయి. మొదట ఎగబడి కొన్నవారికి పీటా పోయింది, మెమొరీ జాతీ పోయింది. కంపెనీ బలంతో ఒక జాతి ర్యామ్‌ను నెత్తిన రుద్దాలంటే కుదరదనీ, నలుగురూ ఒప్పుకున్న కొలతే నిలుస్తుందనీ ఆ ముచ్చట చెబుతుంది.

దుకాణంలో పైకం తీసేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఈ బోర్డులో ర్యామ్ గూళ్ళు ఏ తరానివి? ఈ సాకెట్టులో ఇంకా కొత్త ప్రాసెసర్లు వస్తాయా, లేక ఇదే ఆఖరా? నా దగ్గరున్న ర్యామ్‌తో నడిచే బోర్డు వేరే వుందా? మూడో ప్రశ్నకు లేదని జవాబొస్తే, ఆ మాట బోర్డు చేసిన కంపెనీ ప్రకటించిన పట్టీలో చూపమనండి. ప్రతి బోర్డుకూ ఏ ప్రాసెసర్లు, ఏ ర్యామ్‌లు సరిపోతాయో ఆ కంపెనీలే పట్టీ వేసి పెడతాయి. అమ్మేవాడి నోటిమాటకన్నా ఆ పట్టీ మేలు. మీ పాత బోర్డు పేరు తెలియకపోతే, విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అనే చోట చూస్తే కనిపిస్తుంది. కాగితం మీద రాసుకుని మరీ దుకాణానికి వెళ్ళండి.

విత్తనాలు కొనేటప్పుడు సంచీ మీది అక్షరాలు చదవకుండా మన రైతు డబ్బివ్వడు. మెమొరీ కొనేటప్పుడూ అదే పద్ధతి. పీట పేరు, ర్యామ్ తరం, ఈ రెండు ముక్కలూ తెలిసినవాడికి అవసరమేదో, ఎత్తేదో ఇట్టే తెలిసిపోతుంది.